జైలు ఉన్న ఊరిలో అధికారం ఎవరిది?

2023 సెప్టెంబరు 14న పవన్ కల్యాణ్ రాజమహేంద్రవరం కేంద్ర కారాగారానికి వెళ్లి, రిమాండులో ఉన్న నారా చంద్రబాబునాయుడిని ములాఖత్‌లో కలిశారు. బయటికి వచ్చి, జనసేన, తెలుగుదేశం కలిసి ఎన్నికలకు వెళతాయని ఆ గేటు ముందే ప్రకటించారు. 2024 జూన్‌లో ఆ రెండు పార్టీలు, భారతీయ జనతా పార్టీ కలిసిన కూటమి 175 శాసనసభ స్థానాల్లో 164 గెలుచుకుంది. దీనికి ముందు 2012లోనూ ఇలాంటిదే జరిగింది. ఆ మే నెలలో అరెస్టయిన వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి చంచల్‌గూడ జైలులో ఉండగానే, జూన్ ఉపఎన్నికల్లో ఆయన పార్టీ 18 శాసనసభ స్థానాలకు 15 గెలిచింది. ఆ కేసుల్లో నిజానిజాలు కోర్టులు తేల్చవలసినవి. మనిషి చేతిలోని బలాన్నంతా లాగేసుకునే చోటని మనం అనుకునే జైలు, రెండుసార్లు రాష్ట్ర రాజకీయానికి కేంద్రమైందన్నది మాత్రం కళ్లముందు జరిగిన సంగతి.

జైలు చుట్టూ తిరిగే అధికార పోరును కథా వస్తువుగా తీసుకున్న అమెరికన్ ధారావాహిక ‘మేయర్ ఆఫ్ కింగ్స్‌టౌన్’ 2021 నవంబరులో మొదలైంది. సృష్టికర్తలు టేలర్ షెరిడన్, హ్యూ డిల్లన్. మిషిగన్ రాష్ట్రంలో ఉన్నట్టు కల్పించిన ఆ పట్టణానికి జైళ్లే బతుకుతెరువు. మెక్‌లస్కీ అనే కుటుంబం ఖైదీల ముఠాలకూ కాపలాదారులకూ పోలీసులకూ నడుమ రాయబారం నడుపుతుంటుంది. ఎన్నికైన మేయరు మాట కన్నా ఏ పదవీ లేని ఆ మధ్యవర్తి మాటే అక్కడ చెల్లుతుంది. డిల్లన్ పెరిగిన ఊరు కెనడాలోని కింగ్‌స్టన్. అక్కడి పెద్ద జైలు 1835 నుంచి 2013 దాకా నడిచింది.

ఈ చిత్రం మన నేలకు ఎంతవరకు నప్పుతుంది? జైలు ఉన్న ఊరిలో అసలు పెత్తనం ఎవరిది? అధికారులదని కొందరు, ఖైదీలదని కొందరు, బయటి రాజకీయానిదని ఇంకొందరు అంటారు. కోర్టు తీర్పులు, సమాజశాస్త్ర గ్రంథాలు, సినిమాలు తలా ఒక జవాబు ఇవ్వడంతో చర్చ చిక్కుపడింది. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి చూడడం ఈ సమీక్ష ఉద్దేశం.

ప్రశ్న వెనుక చరిత్ర

గోదావరి జిల్లాలవారికి జైలంటే రాజమండ్రి. ఒకప్పటి డచ్చివారి కోటను 1864లో జైలుగా మార్చారనీ, 1870లో దానికి కేంద్ర కారాగారం హోదా వచ్చిందనీ ప్రచారంలో ఉన్న చరిత్ర. పెనుగొండ, తణుకు, కొవ్వూరు వైపు పల్లెల నుంచి అక్కడికి ములాఖత్‌కు వెళ్లాలంటే గోదావరి దాటాలి. కొవ్వూరు దగ్గర రోడ్డూ రైలూ కలిసిన వంతెన 1974లో అందుబాటులోకి వచ్చింది. మహిళా ఖైదీల ప్రత్యేక కారాగారం కూడా రాజమహేంద్రవరంలోనే ఉంది.

ఈ ప్రాంతపు జనం మనసులో ఖైదీ బొమ్మ కాలంతోపాటు మారుతూ వచ్చింది. గోల్కొండ చెరసాలలోని రామదాసు ఆ వరసలో మొదటివాడు. కొలువు కోపానికి గురై చెరలో పడ్డ భక్తుడిగా జనం ఆయనను తలుచుకుంటారు. పెనుగొండ వాసవీ కన్యక కథలోనూ రాజబలానికి తలవంచని మనిషికే గౌరవం. జాతీయోద్యమం ఈ భావనను మరింత గట్టిపరిచింది. తెల్లదొరతనాన్ని నిలదీసిన పాటకు గరిమెళ్ల సత్యనారాయణ జైలుకు వెళ్లారు. ద్రాక్షారామానికి చెందిన దువ్వూరి సుబ్బమ్మ 1922లో జైలు శిక్ష అనుభవించారు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకర వెంకటాచారిని అండమాన్‌కు పంపారు. అప్పట్లో జైలుకు వెళ్లడం ఇంటికి పరువు.

స్వాతంత్ర్యం తరువాత ఆ బొమ్మ చీలిపోయింది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1975 డిసెంబరు 1న, ముషీరాబాద్ జైలులో భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. వారిని కాపాడడానికి కె.జి. కన్నబిరాన్ వంటి న్యాయవాదులు చివరిదాకా పోరాడారు. 1974లో పుట్టిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఖైదీ హక్కులను బహిరంగ చర్చకు తెచ్చింది. మరోపక్క రాయలసీమ ముఠా కక్షలు జైలును పగల కొనసాగింపుగా మార్చాయి. ఒకే గోడల లోపల భక్తుడు, దేశభక్తుడు, విప్లవకారుడు, ముఠా కక్షల మనిషి అందరూ గడిపారు. నేటి వాదాలన్నీ ఈ వారసత్వంలోంచే పుట్టాయి.

మొదటి వాదం: పెత్తనం ప్రభుత్వానిదే

చట్టం కళ్లతో చూస్తే ఇందులో వివాదమే లేదు. జైళ్లు రాష్ట్ర జాబితాలోని అంశం. సూపరింటెండెంటు, జైలరు, హెడ్ వార్డరు, వార్డరు అనే అంచెలను, తనిఖీలను, శిక్షలను 1894 నాటి జైళ్ల చట్టం, దాని కింద తయారైన మాన్యువళ్లు నిర్ణయించాయి. ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో 1975లో ప్రచురించిన గ్రంథం ఈ వాదానికి లోతు తెచ్చింది. తనను ఎవరో ఎప్పుడూ చూస్తున్నారన్న భావంతో ఖైదీ తనను తానే అదుపులో పెట్టుకుంటాడని ఆయన చెప్పారు. నడుమ గోపురం, దాని చుట్టూ ఏడు రెక్కలతో 1906లో పూర్తయిన అండమాన్ సెల్యులర్ జైలు ఈ ఆలోచనకు ఇటుకలతో కట్టిన రూపం.

ఈ వాదాన్ని సమర్థించేవారు రెండు రకాలు. అధికారానికి పట్టు తగ్గితే జైలు రౌడీల పాలవుతుందని పాలనాధికారులు అంటారు. ఆ పట్టుకు హద్దు లేకపోతే జైలు హింసాగృహమవుతుందని హక్కులవారు అంటారు. 1978, 1979 సంవత్సరాల్లో సునీల్ బాత్రా కేసుల్లో సుప్రీంకోర్టు రెండో వైపు మొగ్గింది. జైలు గడప దాటగానే రాజ్యాంగం మనిషిని వదిలిపోదన్నది వాటి సారాంశం. 1979 కేసు మొదలైన తీరు గుర్తుంచుకోదగ్గది. తిహార్‌లో ఒక ఖైదీని అతడిని చూడవచ్చే బంధువుల దగ్గర డబ్బు రాబట్టడం కోసం హెడ్ వార్డరు చిత్రహింస పెట్టాడని తోటి ఖైదీ ఒక న్యాయమూర్తికి లేఖ రాశాడు. ఆ లేఖనే కోర్టు పిటిషనుగా తీసుకుంది.

రెండో వాదం: లోపలి రాజ్యం ఖైదీలది

అమెరికన్ సమాజశాస్త్రవేత్త డొనాల్డ్ క్లెమర్ 1940లో జైలును ఒక సమాజంగా వర్ణించారు. కొత్తగా వచ్చినవాడు క్రమంగా అక్కడి కట్టుబాట్లను ఒంటపట్టించుకుంటాడని ఆయన వాదన. గ్రెషమ్ సైక్స్ 1958లో న్యూజెర్సీలోని ఒక జైలును పరిశీలించి ఇంకో అడుగు ముందుకు వేశారు. కాగితం మీద సంపూర్ణ అధికారం ఉన్న కాపలాదారుడు కూడా ఖైదీల సహకారం లేనిదే ఒక్క పూట జైలు నడపలేడు. అందుకని చూసీ చూడనట్టు పోతాడు. పెద్దతలకాయలకు చిన్న చిన్న వెసులుబాట్లు ఇచ్చి, మిగతావారిని అదుపులో ఉంచే పని వారికి అప్పగిస్తాడు.

మన దేశంలో ఈ ఏర్పాటు చాటుమాటుది కూడా కాదు. శిక్షాఖైదీల్లోంచే కొందరిని కాపలాదారులుగా, మేస్త్రీలుగా నియమించే పద్ధతి బ్రిటిష్ కాలం నుంచి మాన్యువళ్లలోనే ఉంది. దానిలోకి కులం చొరబడింది. వంట ఏ కులంవారు చేయాలో, పాకీపని ఏ కులంవారికి అప్పగించాలో చెప్పే నిబంధనలు కొన్ని రాష్ట్రాల్లో ఇటీవలి వరకూ మిగిలే ఉన్నాయి. జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసి, రిజిస్టర్లలో కులం గడిని తొలగించమంది. ఖైదీల రాజ్యమని పిలిచే దానిలోనూ ఊళ్లోని మెట్లే ఉన్నాయని ఈ తీర్పు బయటపెట్టింది.

పరిశోధకుడు డేవిడ్ స్కార్‌బెక్ 2014లో మరో కోణం చూపారు. జైలు చిన్నదిగా ఉన్నప్పుడు ఒకరి గుణం ఒకరికి తెలుసు కాబట్టి మాటకట్టు చాలు. జనం పెరిగి ముఖపరిచయం తగ్గాక, రక్షణా వ్యాపారమూ నడపడానికి ముఠాలు పుడతాయని కాలిఫోర్నియా జైళ్ల ఆధారంగా ఆయన వాదించారు. ‘కింగ్స్‌టౌన్’ కథ ఈ సూత్రం మీదే నడుస్తుంది. తెలుగు జైళ్లలో భాషా, ప్రాంతమూ కలిసినవారు ఎక్కువ. అక్కడి జాతుల వారీ ముఠాల లెక్కను ఇక్కడికి యథాతథంగా తేలేం.

మూడో వాదం: బయటి బలమే లోపలికి వస్తుంది

సమాజశాస్త్రవేత్తలు జాన్ ఇర్విన్, డొనాల్డ్ క్రెసీ 1962లో చేసిన ప్రతిపాదన ఇది. జైలు సంస్కృతి జైలులో పుట్టదు, ఖైదీలు వీధి నుంచి వెంట తెచ్చుకుంటారు. తెలుగు నేల మీద దీనికి బలమైన సాక్ష్యం అప్పటి కర్నూలు జిల్లాలోని కోయిలకుంట్ల సబ్‌జైలు. 1977 మే 5 అర్ధరాత్రి దాటాక కొందరు ఆ జైలులోకి చొరబడి రిమాండు ఖైదీల గదిలోకి బాంబులు విసిరారు. చల్లా చిన్నపరెడ్డి మరణించారు, కుమారుడు రామకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డారు. తమకు ప్రాణహాని ఉందని వారు ముందే మొరపెట్టుకున్నా కాపలా పెంచలేదు. సార్వభౌమాధికారం పేరుతో బాధ్యత తప్పించుకోవాలని ప్రభుత్వం చూసింది. హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి 1,44,000 రూపాయల పరిహారం ఇవ్వమంది. 2000లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఖైదీ ప్రాణానికి ప్రభుత్వమే పూచీ అన్న సూత్రం ఇలా ఒక సీమ సబ్‌జైలు నుంచి దేశానికంతటికీ అందింది.

2005 జనవరి 24న అనంతపురంలో సీమ రాజకీయ నాయకుడు పరిటాల రవి హత్య జరిగింది. ఆ కేసు నిందితుల్లో ముఖ్యుడైన మొద్దు శ్రీను 2008 నవంబరులో అనంతపురం జైలులో తోటి ఖైదీ చేతిలో చనిపోయాడు. పగకు జైలు గోడ అడ్డం కాదని జనం మరోసారి అనుకున్నారు.

ఈ వాదాన్నే రాజకీయ నాయకుల అరెస్టులకు వర్తింపజేసేవారూ ఉన్నారు. బయట బలగం ఉన్నవాడు లోపల ఉన్నా బలవంతుడే అంటారు వారు. అయితే దీన్ని తిరగేసి చదివేవారికీ ఆధారాలున్నాయి. 2023లో చంద్రబాబును రాజమండ్రి జైలుకు బదులు గృహనిర్బంధంలో ఉంచాలన్న విన్నపాన్ని కోర్టు అంగీకరించలేదు. మాజీ ముఖ్యమంత్రి అయినా అక్టోబరు 31న మధ్యంతర బెయిలు వచ్చేదాకా లోపలే ఉన్నారు. బలగం గేటు దాకా వచ్చింది. గేటు తెరిచింది మాత్రం కోర్టు ఉత్తర్వే.

నాలుగో వాదం: జైలు ఊరిని మింగుతుంది

భూగోళశాస్త్రవేత్త రూత్ విల్సన్ గిల్మోర్ 2007లో కాలిఫోర్నియా జైళ్ల విస్తరణను వివరించారు. సాగు దెబ్బతిని, ఉపాధి కరువైన పట్టణాలకు జైలు కొత్త పరిశ్రమగా వచ్చింది. ఊరు జైలు మీద ఆధారపడింది, ఆ జైలు నిండడానికి ఖైదీలు కావలసివచ్చారు. ‘కింగ్స్‌టౌన్’కు పునాది ఇదే.

రాజమహేంద్రవరానికి ఈ నమూనా అతకదు. కాగితపు మిల్లు, బట్టల వ్యాపారం, నదీతీరపు రాకపోకలు, నన్నయ నాటి సాహిత్య ప్రతిష్ఠ ఆ ఊరికి ఆధారాలు. జైలు అందులో ఒక వాడ మాత్రమే. మన జైళ్లు ప్రభుత్వం నడిపేవి, లాభం కోసం పెట్టిన కంపెనీలవి కావు. ఇక్కడ ధోరణి తిరగబడింది కూడా: ఊరే జైలును బయటికి నెడుతోంది. ముషీరాబాద్ జైలు స్థలంలో ఇప్పుడు గాంధీ ఆస్పత్రి ఉంది. నిజాం కాలపు వరంగల్ కేంద్ర కారాగారాన్ని 2021లో కూల్చి ఆ స్థలంలో పెద్ద ఆస్పత్రి తలపెట్టారు. ఖైదీలను వేరే జైళ్లకు తరలించారు. నగరం నడుమ స్థలం ప్రజావసరానికి దక్కడం మేలేనని ఒక పక్షం, ఖైదీ ఎంత దూరమైతే ఇంటివాళ్ల రాక అంత తగ్గుతుందని ఇంకో పక్షం అంటున్నాయి. రెండింటిలోనూ నిజం ఉంది.

తెర ఏం చూపింది

తెలుగు సినిమాలో చాలాకాలం జైలు కథకు మలుపు ఇచ్చే చోటే తప్ప కథాస్థలం కాదు. 1983 నాటి ‘ఖైదీ’ పేరులోనే ఖైదు ఉంది. కథ బలమంతా పోలీసుల నుంచి పారిపోవడంలోనూ పగ తీర్చుకోవడంలోనూ ఉంది. చేయని నేరానికి లోపలికి వెళ్లిన కథానాయకుడు ఏళ్ల తరువాత గేటు తీసుకుని బయటికి రావడం ఒక రివాజైంది. 2010లో రాంగోపాల్ వర్మ తీసిన ‘రక్త చరిత్ర’ రెండు భాగాలు సీమ కక్షలను నేరుగా తీసుకుని, జైలును పథకాలు పన్నే స్థావరంగా చూపాయి. మూడో వాదానికి అది తెరరూపం.

తరువాత చూపు మారింది. వెట్రిమారన్ తమిళంలో తీసిన ‘విసారణై’కి మూలం ఎం. చంద్రకుమార్ రాసిన ‘లాకప్’. గుంటూరు పోలీసుల చేతిలో వలస కూలీలు పడ్డ బాధ అందులోని వస్తువు. 2021లో వచ్చిన ‘నాంది’ విచారణ లేకుండా ఏళ్లు గడిచిపోయే నిందితుణ్ణి కథానాయకుణ్ణి చేసింది. 2025లో ‘తండేల్’ పాకిస్థాన్ జైలులో చిక్కిన శ్రీకాకుళం మత్స్యకారులను, వారికోసం ఇక్కడ పోరాడిన వారిని చూపింది. అదే ఏడాది ‘కోర్ట్’ ఒక పేద కుర్రాడి మీద కేసు ఎలా బిగుసుకుంటుందో పరిశీలించింది. ఈ చివరి మూడింటిలో ముఠాల పోరు లేదు. మనిషి బతుకును నిలిపేసే ఆలస్యమే వాటిలో ప్రతినాయకుడు.

ఒకచోట పెట్టి చూస్తే

- ప్రభుత్వ పెత్తన వాదం చట్టాన్నీ చిత్రహింసనూ బాగా వివరిస్తుంది. అధికారులు ఖైదీల మీద ఎందుకు ఆధారపడతారో చెప్పలేదు.
- ఖైదీల రాజ్య వాదం రోజువారీ నడకను వివరిస్తుంది. శిక్ష పడి ఏళ్లతరబడి ఉండేవారినే దృష్టిలో పెట్టుకుంటుంది, వచ్చిపోయే రిమాండు ఖైదీని వదిలేస్తుంది.
- బయటి బల వాదం కోయిలకుంట్లకూ అనంతపురానికీ సరిపోతుంది. బలగమేదీ లేని వేలమంది గురించి మౌనంగా ఉంటుంది.
- ఊరి ఆర్థిక వాదం అమెరికాకు బలంగా, ఇక్కడ బలహీనంగా వర్తిస్తుంది. అయినా జైలు ఎక్కడ ఉండాలన్న ప్రశ్నను ముందుకు తెస్తుంది.

ఈ నాలుగింటికీ అందని అంశం ఒకటుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని 1,330 జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వాటి సామర్థ్యం 4,36,266. లోపలున్నవారిలో 4,34,302 మంది, అంటే నూటికి 75.8 మంది, విచారణ ఖైదీలు. నేరం రుజువు కానివారే మన జైళ్లలో మూడొంతులు. వీరి జీవితాన్ని శాసించేది తారీఖు. అభియోగపత్రం ఎప్పుడు పడుతుంది, వాయిదాకు ఎస్కార్టు దొరుకుతుందా, బెయిలు వచ్చినా పూచీకత్తు ఇచ్చేవారున్నారా అన్నవే వీరి రోజులను నిర్ణయిస్తాయి. ఈ తారీఖు మీద పట్టు ఏ ఒక్కరి చేతిలోనూ లేదు. స్టేషను, కోర్టు, జైలు, ఇల్లు అనే నాలుగు చోట్ల అది ముక్కలై ఉంది. అందుకే ఆలస్యానికి ఎవరూ జవాబుదారీ కారు.

ఇంకా తేలనివి

మొదటిది, చట్టం. 1894 చట్టానికి బదులుగా కేంద్రం 2023లో నమూనా చట్టాన్ని రూపొందించి రాష్ట్రాలకు పంపింది. 1980ల్లో జైలు సంస్కరణలపై జస్టిస్ ముల్లా కమిటీ చేసిన సిఫార్సులకు పట్టిన గతి తెలిసినవారు దీని అమలు మీద సందేహపడుతున్నారు. నిఘా సాంకేతికతకు అందులో ఇచ్చిన చోటు ఖైదీ రక్షణకు ఉపయోగపడుతుందా, పెత్తనాన్ని ఇంకా బిగిస్తుందా అన్నది తేలలేదు.

రెండోది, సమానత్వం. ప్రముఖులకు భద్రత పేరుతో వేరు గది, ఇంటి భోజనం దొరకడం వివక్ష అని ఒక మాట. కోయిలకుంట్ల అనుభవం తరువాత ముప్పు ఉన్నవారిని కాపాడకపోవడమే నేరమని మరో మాట. ముప్పును బట్టి భద్రత, అవసరాన్ని బట్టి వైద్యం అందరికీ ఒకే కొలతతో ఇవ్వగలిగితే ఈ రెండు మాటలకూ పొత్తు కుదురుతుంది. ఆ కొలతను ఇంకా ఎవరూ రాసిపెట్టలేదు.

మూడోది, బెయిలు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షను, మొదటిసారి కేసులో చిక్కినవారు ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడోవంతు గడిపితే బెయిలుకు అర్హులంటుంది. మరణశిక్ష, యావజ్జీవం పడగల నేరాలు, ఒకటికి మించి కేసులున్నవారు దీని పరిధిలోకి రారు. పూచీకత్తు కట్టలేని పేద విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా సాయం చేసే కేంద్ర పథకం 2023లో వచ్చింది. చట్టం, డబ్బు రెండూ కాగితం మీద ఉన్నాయి. అర్హుణ్ణి వెతికి పట్టుకుని కోర్టు ముందుంచే బాధ్యత సూపరింటెండెంటుకు ఉన్నా, ఆ పని సకాలంలో జరిగిందో లేదో ఊరివాళ్లకు తెలిసే ఏర్పాటు లేదు.

నాలుగోది, కథ. నేరకథలు జైలు మీద జనానికి భయం పెంచి కఠినశిక్షల వైపు నెడుతున్నాయని కొందరి ఆరోపణ. ‘విసారణై’, ‘నాంది’ వంటివి ఆలోచనను సంస్కరణ వైపు మళ్లించాయని మరికొందరి నమ్మకం. నిర్ధారణకు సరిపడే పరిశీలన తెలుగులో జరగలేదు.

ఈ సమీక్ష మొగ్గు

ముఠానాయకుల ఎత్తులూ పైఎత్తులూ ఉన్న జైలు పట్టణం కథగా రక్తికడుతుంది. మన జైళ్లలో హింస లేదనీ, డబ్బు చేతులు మారదనీ ఎవరూ అనలేరు. అయినా తెలుగు నేల మీద జైలు అధికారానికి అసలు కొలమానం మనిషిని ఎంతకాలం నిరీక్షణలో ఉంచగలమన్నదే. నాయకుడి నిరీక్షణ ఓట్లుగా మారవచ్చు. డెల్టా పల్లెలోని కౌలురైతు నిరీక్షణ అప్పుగా మారుతుంది. కాబట్టి సంస్కరణ బ్యారక్ కన్నా ముందు తారీఖు దగ్గర మొదలుకావాలి. ప్రతి జైలూ తన విచారణ ఖైదీల సంఖ్యను, 479వ సెక్షను కింద అర్హులైనవారి సంఖ్యను, ఎస్కార్టు లేక తప్పిన వాయిదాల సంఖ్యను నెలనెలా గేటు బయట బోర్డు మీద రాయాలి. దీనికి కొత్త చట్టం అవసరం లేదు. ఆ అంకెలు బయటికి వచ్చిన రోజు, ఆలస్యానికి ఎవరు బాధ్యులో అడిగే హక్కు జైలు ఉన్న ఊరి పౌరుల చేతికి వస్తుంది.